ఎదురుచూపుకూ కులం ఉంది

2025 జూలైలో కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన వారి జాబితా ప్రకటించింది. అందులో 106 మంది ఉన్నారు. మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలు ఇచ్చారు. మిగిలిన 66 మందికి నిధులు ఉన్నదాన్ని బట్టి ఇస్తామన్నారు. అందరిదీ ఒకే పథకం, అవే నిబంధనలు. పథకం షరతు ప్రకారం అందరి చేతిలోనూ విదేశీ విశ్వవిద్యాలయం ఇచ్చిన ప్రవేశ పత్రం ఉంది. అమెరికాలో ఆగస్టు చివర్లో, బ్రిటన్‌లో సెప్టెంబరులో తరగతులు మొదలవుతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని మనవాళ్లు అనే మాట ఇలాంటి రోజుల కోసమే పుట్టినట్టుంది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు రెండు మూడు రోజులు చర్చ నడుస్తుంది. బడ్జెట్ ఎంత, మంత్రి ఏమన్నారు, ప్రతిపక్షం ఏమంది అన్న దగ్గర అది ఆగిపోతుంది. జాబితాలో పేరుండి, చేతిలో ఉత్తరం లేక ఆ విద్యార్థులు ఆ రోజులు ఎలా గడిపారన్నది ఎవరి లెక్కలోకీ రాదు. ప్రవేశం కోసం, డబ్బు కోసం ఎదురుచూడటాన్ని మనం విద్యార్థి మనసుకు సంబంధించిన విషయంగా చూస్తాం. ధైర్యంగా ఉండు, ఓపిక పట్టు అని చెప్పి సరిపెడతాం. నేను చరిత్రలో పిహెచ్.డి. చేస్తున్నాను. చుట్టూ ఏటా ఈ ఎదురుచూపు చూస్తున్నాను, నేనూ దాని గుండా వచ్చాను. నాకు అర్థమైంది ఇది: ఎదురుచూడటానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడాలో విధానాలే తేలుస్తాయి. చరిత్ర లాంటి శాస్త్రంలో ఎవరు ఆగగలిగితే వాళ్లే చివరికి చరిత్ర రాస్తారు.

రెండు క్యాలెండర్ల మధ్య

ముందు ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో చూద్దాం. అమెరికాలో చరిత్ర పిహెచ్.డి. దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరులో, కొన్ని జనవరి మొదట్లో ముగుస్తాయి. ఫలితాలు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. ఆర్థిక సహాయంతో కూడిన ప్రవేశం వచ్చినవారు ఒప్పుకుంటున్నదీ లేనిదీ ఏప్రిల్ 15లోగా చెప్పాలని అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు ఒక ఉమ్మడి అంగీకారం పాటిస్తాయి. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఆ తేదీ రాత్రి వరకూ, ఒక్కోసారి ఆ తర్వాత కూడా, ఏదీ తేలదు. బ్రిటన్‌లో ప్రవేశం ఒక దారి, డబ్బు మరో దారి. విభాగం సీటు ఇచ్చినా స్కాలర్‌షిప్ నిర్ణయం వేరే కమిటీ చేతిలో ఉంటుంది.

ఇటు మన ప్రభుత్వ క్యాలెండర్ వేరు. 2022లో జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఫిబ్రవరి నుంచి మార్చి నెలాఖరు వరకు తీసుకున్నారు. 2025లో జాబితా వచ్చేసరికి జూలై అయింది. అంటే అక్కడ ఏప్రిల్‌లో జవాబు చెప్పాల్సిన విద్యార్థికి ఇక్కడ జూలైలో గానీ సంగతి తెలియదు. పైగా షరతులు లేని ప్రవేశ పత్రం ఉంటేనే ఈ పథకానికి దరఖాస్తు చేయాలి. చాలా విశ్వవిద్యాలయాలేమో డిపాజిట్ కట్టు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపించు, అప్పుడే తర్వాతి కాగితం ఇస్తామంటాయి. సీటు చూపిస్తే డబ్బు అని ఒకరు, డబ్బు చూపిస్తే సీటు అని ఇంకొకరు. ఈ రెండు మాటల మధ్య వెనక ఆస్తి ఉన్న విద్యార్థి దాటిపోతాడు. తండ్రి డిపాజిట్ కట్టేస్తాడు, స్కాలర్‌షిప్ వస్తే ఆ డబ్బు మిగులుతుంది, లేదంటే బ్యాంకు రుణం ఉంటుంది. ఆ రుణానికి తాకట్టు పెట్టడానికి ఇల్లో పొలమో ఉంటుంది. మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఆ రెండు మాటల మధ్య ఉన్నది ఖాళీయే.

ఈ ఖాళీ ఇటీవల ఇంకా పెరిగింది. 2024 నవంబరులో బోస్టన్ విశ్వవిద్యాలయం చరిత్రతో సహా సుమారు డజను హ్యుమానిటీస్, సామాజిక శాస్త్ర విభాగాల్లో 2025-26కు కొత్త పిహెచ్.డి. విద్యార్థులను తీసుకోబోమని ప్రకటించింది. 2025 ఆగస్టులో చికాగో విశ్వవిద్యాలయం హ్యుమానిటీస్‌లోని పలు విభాగాల్లో తర్వాతి ఏడాది ప్రవేశాలను ఆపడమో తగ్గించడమో చేసింది. 2025 మే చివర్లో అమెరికా ప్రభుత్వం కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల అపాయింట్‌మెంట్లను కొన్ని వారాలు నిలిపేసింది. సీట్లు తగ్గేకొద్దీ పోటీ పెరుగుతుంది. పోటీ పెరిగేకొద్దీ ఎక్కువ చోట్ల దరఖాస్తు చేయాలి. ఒక్కో దరఖాస్తుకు సుమారు వంద డాలర్లు అనుకుంటే, ఎనిమిది దరఖాస్తులంటే డెబ్బై వేల రూపాయల పైమాట. టోఫెల్ ఫీజు దానికి అదనం. ఫీజు మినహాయింపు చాలా చోట్ల ఆ దేశపు విద్యార్థులకే. ఎంపిక కావడానికి కాదు, ఎదురుచూసే వరుసలో నిలబడటానికే ఇంత ఖర్చు.

ఎవరు ఆగగలరు?

ఎం.ఏ. అయిపోయాక మే నెలలో హాస్టల్ ఖాళీ చేయాలి. లైబ్రరీ కార్డు పనిచేయదు. యూనివర్సిటీ ఈమెయిల్ కూడా కొన్నాళ్లకు ఆగిపోతుంది, జర్నల్ వ్యాసాలు తెరుచుకోవు. దరఖాస్తులో జతచేయాల్సిన పరిశోధన వ్యాసం రాయడానికి సరిగ్గా అప్పుడే ఇవన్నీ కావాలి. ఊరికి వెళితే మొదటి ప్రశ్న, ఇప్పుడేం చేస్తున్నావమ్మా అని. అమెరికాలో ఒక కమిటీ నిర్ణయం కోసం చూస్తున్నానని ఉపాధి హామీ పనికి వెళ్లొచ్చిన అమ్మకు ఎలా చెప్పాలి? హైదరాబాద్‌లో గది తీసుకుంటే అద్దె కోసం ట్యూషన్లు, అనువాదాలు, గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీ పని. ఈలోగా గ్రూప్-2 నోటిఫికేషన్ వస్తుంది. ఇంట్లో అందరి చూపూ దాని మీదే. దానికి చదవాలా, రీసెర్చ్ ప్రపోజల్ దిద్దాలా?

మధ్యలో కాగితాల పని. కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ. తెలంగాణలో మీ సేవ కేంద్రం, ఆంధ్రలో సచివాలయం, రెండు చోట్లా చివరికి తహశీల్దారు సంతకం. ఆదాయ పత్రం పాతదైతే మళ్లీ మొదటి నుంచి. ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు మూడు కావాలి. ఎవరి ఉత్తరానికి అక్కడ విలువ ఉంటుందో, వాళ్లను ఎలా అడగాలో, ఏ విశ్వవిద్యాలయంలో ఏ చరిత్రకారుడు ఏ విషయం మీద పనిచేస్తున్నాడో చెప్పడానికి ఆధిపత్య కులాల విద్యార్థికి అన్నో, బాబాయో, తండ్రి స్నేహితుడో ఉంటారు. మొదటి తరం విద్యార్థికి ఉండేది ఒక సీనియర్ ఫోన్ నంబరు. గత రెండేళ్లుగా ఆ ఫోన్ నంబర్లలో నాదీ ఒకటి. అక్కా, వెయిటింగ్ లిస్టు అంటే వచ్చినట్టా రానట్టా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిజాయితీగా చెప్పగలిగే జవాబు నా దగ్గర కూడా లేదు.

నాకూ ఒకసారి విదేశంలో ఒక విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. డబ్బు సంగతి తేలేలోపు గడువు దాటిపోయింది. ఇది నా ఒక్కదాని కథ అయితే ఇక్కడ రాయాల్సిన పనే లేదు. నాతో చదివిన వాళ్లలో ఇలాగే గడువు దాటిన వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో కొందరు మళ్లీ దరఖాస్తు చేయలేదు. ఒకామె ఇప్పుడు ఒక ఎడ్యుటెక్ కంపెనీలో ప్రశ్నపత్రాలు తయారుచేస్తోంది. వెట్టి చాకిరీ మీద ఆమె తలపెట్టిన పరిశోధన జరగలేదు. జరగని పరిశోధన ఏ గణాంకంలోనూ కనిపించదు. తిరస్కరించినట్టు ఎక్కడా నమోదు కాదు, ఎందుకంటే ఆమెను ఎవరూ తిరస్కరించలేదు. ఆలస్యం చేశారు, అంతే.

భారత చరిత్ర చదవడానికి విదేశం దేనికి?

2022 ఫిబ్రవరిలో జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలను సవరించారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు ఈ పథకం కిందికి రావన్నారు. భారతదేశం మీద పరిశోధనకు కావాల్సిన వనరులూ నిపుణులూ ఇక్కడే ఉన్నారు కదా అన్నది అప్పుడు ప్రభుత్వం వైపు నుంచి వినిపించిన వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. చరిత్ర విద్యార్థిగా దీనికి నా జవాబు ఒకటే: మా వాళ్ల చరిత్రకు సంబంధించిన కాగితాలు చాలా వరకు ఇక్కడ లేవు.

ఒంగోలు ప్రాంతాన్నే తీసుకోండి. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడాదే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు పని కల్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వచ్చినవాళ్లు ఎక్కువగా మాదిగలు. పంతొమ్మిదో శతాబ్దపు దక్షిణ భారతంలో అంటరానివాళ్లు తమంతట తాము గుంపుగా తీసుకున్న పెద్ద నిర్ణయాల్లో ఇది ఒకటి. ఆ మిషన్ కాగితాలు ఇప్పుడు అమెరికాలోని అట్లాంటాలో, అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీ దగ్గర ఉన్నాయి. కడప, గుత్తి ప్రాంతాల్లో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ పత్రాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మచిలీపట్నం కేంద్రంగా 1841లో తెలుగు మిషన్ మొదలుపెట్టిన చర్చ్ మిషనరీ సొసైటీ పత్రాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ, ఇండియా ఆఫీసు రికార్డులు బ్రిటిష్ లైబ్రరీలో కిలోమీటర్ల పొడవున అరల్లో ఉన్నాయి. అచ్చయిన వార్షిక నివేదికలు కొన్ని ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, నేనూ వాటి మీదే బతుకుతున్నాను. చేతిరాత ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి చాలా వాటికి అక్కడికి వెళ్లక తప్పదు.

ఇక్కడి ఆర్కైవ్స్‌లో ఏమీ లేదని నేననను. హైదరాబాద్‌లో, చెన్నైలో గొప్ప నిధులున్నాయి. అయితే గ్రామ లెక్కలు రాసింది కరణం, చదివింది తహశీల్దారు. ఆ లెక్కల్లో మా పల్లెలు శిస్తుకు, చాకిరీకి సంబంధించినంత వరకే కనిపిస్తాయి. మిషన్ ఉత్తరాలు రాసినవాళ్లకు వాళ్ల ప్రయోజనాలు వాళ్లకున్నాయి, అందులో సందేహం లేదు. అయినా అక్కడ పల్లె పేరుతో పాటు మనిషి పేరు ఉంటుంది, ఆదివారం పనికి రానన్నందుకు జరిగిన తగాదా ఉంటుంది. ఇంకో ఉదాహరణ వలస కూలీలది. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నేటాల్‌కు ఒప్పంద కూలీలతో బయలుదేరింది. ఆ తర్వాత వెళ్లిన ఓడల్లో కోస్తా జిల్లాల తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో ప్రతి మనిషి పేరు పక్కన కులానికి ఒక గడి ఉంటుంది. ఆ సముద్రం దాటిన మాల మాదిగల చరిత్ర రాయాలంటే డర్బన్‌లోనో మారిషస్‌లోనో కూర్చోవాలి. ఇది భారత చరిత్రే. దీనికి విదేశం అక్కర్లేదని ఎలా అంటారు?

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ 2,222 మంది వారసుల్లో క్రైస్తవులుగా నమోదైన వాళ్లకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో వాళ్లు బి.సి.-సి కిందికి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. వాళ్లకు ఎస్సీ స్కాలర్‌షిప్ తలుపు మూసే ఉంది. మైనారిటీ విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు 2022 డిసెంబరులో కేంద్రం లోక్‌సభలో చెప్పింది. కొత్త వాళ్లకు ఆ తలుపూ మూసుకుంది. కాగితాలు అట్లాంటాలో, వారసులు ఒంగోలులో, మధ్యలో రెండు మూసిన తలుపులు.

బాబాసాహెబ్ ఎదురుచూసిన మూడేళ్లు

2022 నిబంధనను బాబాసాహెబ్‌కు వర్తింపజేసి చూస్తే దాని అసలు రూపం తెలుస్తుంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1915లో ఎం.ఏ. కోసం రాసింది ప్రాచీన భారత వాణిజ్యం మీద. 1916 మే 9న ఆంత్రొపాలజీ సెమినార్‌లో చదివింది భారతదేశంలో కులాల పుట్టుక మీద. డాక్టరేట్ తెచ్చిన పరిశోధన బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ మీద. ఇవన్నీ భారతదేశం గురించినవే. వీటిలో చరిత్ర ఉంది, సామాజిక అధ్యయనం ఉంది. ఆయన పేరు చెప్పకుండా ఏ సామాజిక న్యాయ పథకమూ మొదలుకాని దేశంలో, ఆయన చదివిన చదువే ఆ పథకానికి పనికిరానిదైంది.

ఆయన జీవితంలో మనం తక్కువగా మాట్లాడుకునే భాగం ఇంకొకటి ఉంది. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో లండన్ చదువు మధ్యలో ఆపి ఆయన తిరిగి రావాల్సి వచ్చింది. బరోడాలో ఉద్యోగం ఉన్నా ఉండటానికి గది దొరకలేదు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. కొల్హాపూర్ శాహు మహారాజ్ సహాయం చేశారు. పార్శీ మిత్రుడు నవల్ భథేనా అప్పు ఇచ్చారు. 1920లో గానీ మళ్లీ లండన్ వెళ్లలేకపోయారు. అంతటి మేధావికి మూడేళ్లు ఆగిపోయాయి. ఒక మహారాజు, ఒక స్నేహితుడు, ఒక జీతం కలిస్తే ఆ విరామం ముగిసింది. అలాంటి అదృష్టం మీద చదువు ఆధారపడకూడదనే కదా ప్రభుత్వ స్కాలర్‌షిప్ అనే ఆలోచన. ఆయన వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, షెడ్యూల్డ్ కులాలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు మొదలయ్యాయి. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55లో వచ్చింది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మన విద్యార్థి మహారాజు కోసమో స్నేహితుడి అప్పు కోసమో చూడాల్సి వస్తే ఆ పథకం ఏం సాధించినట్టు?

దేశంలోనే ఉన్నా అంతే

విదేశం సంగతి వదిలేసి ఇక్కడే పరిశోధన చేసినా ఎదురుచూపు తప్పదు. కాగితం మీద జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. షెడ్యూల్డ్ కులాల జాతీయ ఫెలోషిప్ మొత్తమూ అంతే. ఆ మొత్తం ఏ నెలలో ఖాతాలో పడుతుందన్నది వేరే సంగతి. 2025 మార్చిలో ఈ ఫెలోషిప్‌కు ఎంపికైన వారి జాబితా ఒకటి వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుని ఏప్రిల్‌లో ఇంకొకటి ఇచ్చారు. మొదటి జాబితాలో పేరున్న వందల మందికి రెండో జాబితాలో పేరు లేదు. వాళ్లలో ఆ జాబితాను నమ్మి ఉద్యోగం వదులుకున్న వాళ్లెవరైనా ఉంటే, వాళ్లు ఎవరిని అడగాలి?

2016 జనవరి 17న మనం కోల్పోయిన రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఒక లెక్క రాశాడు. ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు, తనకు రావాలన్నాడు. ఆ ఉత్తరంలోని నక్షత్రాల గురించి, శాస్త్రం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఆ లెక్క గురించి మాట్లాడుకున్నది తక్కువ. పరిశోధక విద్యార్థికి నెల నెలా రావాల్సింది రాకపోవడం ఆఫీసులో ఫైలు ఆలస్యమే కావచ్చు. ఆ విద్యార్థికి అది మెస్ బిల్లు, ఇంటికి పంపాల్సిన డబ్బు, అప్పిచ్చిన స్నేహితుడి ముందు తలదించుకోవడం.

ఏం అడగాలి?

మొదటిది, తేదీలు. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు ముందు సంవత్సరం చివర్లో తీసుకుని, మార్చి నెలాఖరులోగా ఫలితం చెప్పాలి. ప్రవేశం వస్తే డబ్బు ఖాయం అనే షరతు పత్రం ముందే ఇస్తే విద్యార్థి దాన్ని విశ్వవిద్యాలయానికి చూపించుకోగలడు. రెండోది, నిధులు. డబ్బు సిద్ధం చేసుకున్నాకే జాబితా ప్రకటించాలి. ఏడాదికి 125 స్థానాలున్న పథకం ఇది. అందులో సంచార, విముక్త జాతులకు దేశమంతటికీ కలిపి 6, భూమిలేని కూలీలకు, సంప్రదాయ చేతివృత్తుల వారికి 4. ఇంత చిన్న పథకానికి కూడా డబ్బు ఉందో లేదో చూడాలనడం ఈ దేశ బడ్జెట్ ముందు నిలబడే మాట కాదు. మూడోది, భారతదేశం మీద పరిశోధనకు ఉన్న నిషేధాన్ని ఎత్తేయాలి. నాలుగోది, భత్యం. బ్రిటన్‌లో చదివేవారికి ఈ పథకం ఏడాదికి 9,900 పౌండ్ల నిర్వహణ భత్యం నిర్ణయించింది. 2025 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వమే లండన్‌లో చదివే విద్యార్థికి నెలకు 1,483 పౌండ్లు కావాలని వీసా నిబంధనల్లో పెట్టింది. తొమ్మిది నెలలకే అది 13,347 పౌండ్లు అవుతుంది. ఐదోది, ఇక్కడి ఫెలోషిప్‌లకు ప్రతి నెలా ఒక చెల్లింపు తేదీ, ఆలస్యమైతే వడ్డీ ఉండాలి. కరెంటు బిల్లు ఆలస్యమైతే మన దగ్గర వసూలు చేస్తారు కదా.

ప్రభుత్వాన్ని అడుగుతూనే మనం చేసుకోవాల్సినవీ ఉన్నాయి. విదేశాల్లో, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన అంబేడ్కరైట్ అధ్యాపకులు ఇప్పుడు తక్కువేమీ లేరు. డిపాజిట్‌కు, దరఖాస్తు ఫీజులకు, వీసా ఖర్చుకు వడ్డీలేని చిన్న నిధి నడపగల శక్తి మన సంఘాలకు ఉంది. విద్యార్థి సంఘాలు ఎన్నికల నెలలో చూపే చురుకుదనాన్ని అక్టోబరు, నవంబరు నెలల్లో జూనియర్ల ప్రపోజల్స్ చదవడంలో చూపితే ఎందరికో దారి దొరుకుతుంది. భథేనా చేసింది ఇదే, ఒక స్నేహితుడి చదువు ఆగకుండా అప్పు ఇవ్వడం.

అలాగని ప్రభుత్వ బాధ్యతను మన భుజాల మీద వేసుకుని దాన్ని వదిలేయలేం. ఆ పథకం పేదవాళ్ల మీద దయతో పెట్టింది కాదు, శతాబ్దాలుగా చదువుకు దూరం చేసిన సమాజం తీర్చాల్సిన బాకీ. బాకీ ఉన్నవాడు తారీఖు చెప్పకుండా తిప్పుకుంటే దాన్ని మన ఊళ్లలో ఎగవేత అంటారు. వచ్చే జాబితా ఎప్పుడు వచ్చినా, అందులో పేరున్న ప్రతి ఒక్కరికీ మంజూరు పత్రం అదే రోజు అందిందా లేదా అన్నదే మనం వేయాల్సిన మొదటి ప్రశ్న.